కాలవ గట్టు మీద ఆకురాలు కాలం

న్యూజెర్సీలో ఫొటోలంటే ఇష్టమున్న తెలుగువాళ్లం నెలకోసారి లైబ్రరీ హాల్లో కలుస్తుంటాం. అక్టోబరు నాలుగో శనివారం అక్కడ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా అండీ? వినబడకపోతే చెయ్యెత్తండి. సరే, మైకు వద్దులెండి, ఇంత హాలుకి మైకు పెడితే పెళ్లి బ్యాండులా ఉంటుంది.

ముందు ఒక ప్రశ్న. ఈ నెలలో ఆకుల రంగులు చూడ్డం కోసం ఉత్తరాన వెర్మాంటు వెళ్లొచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఒకటి, రెండు, అబ్బో, చాలామందే ఉన్నారు. పోకొనోస్ కొండలు? ఇంకా ఉన్నారు. ఇప్పుడు రెండో ప్రశ్న. ఇక్కడికి పావుగంట దూరంలో ఉన్న మన కాలవ గట్టు మీద ఈ నెలలో ఒక్కసారైనా నడిచినవాళ్లు? ముగ్గురు. అందులో ఇద్దరు మా ఇంట్లోవాళ్లే, వాళ్లని లెక్కలోంచి తీసెయ్యండి.

మిమ్మల్ని దెప్పడానికి అడగలేదండీ. నేనూ ఆ బాపతే. తొమ్మిదేళ్ల కిందట మేమూ వెర్మాంటు వెళ్లాం. మూడు నెలల ముందే గది బుక్ చేశాను, ఆ రెండు మూడు వారాలూ అక్కడ రేట్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా. శుక్రవారం ఆఫీసు నుంచి రాగానే పిల్లలిద్దర్నీ, డబ్బాడు పులిహోరనీ, ట్రైపాడ్‌నీ కార్లో వేసుకుని బయల్దేరితే చేరేసరికి అర్ధరాత్రి దాటింది. పొద్దున్నే కర్టెన్ తీస్తే ఏముంది? కొండ ఉంది, చెట్లున్నాయి, ఆకుల్లేవు. బుధవారం గాలివాన కొట్టి మొత్తం ఊడ్చేసిందట. "పోయిన శనివారం వచ్చుంటే బాగుండేది" అని హోటల్లో పెద్దావిడ పాపం చాలా నొచ్చుకుంటూ చెప్పింది. ఆ ట్రిప్పు మొత్తంలో పనికొచ్చిన ఫొటో ఒక్కటే, అదీ గ్యాస్ స్టేషన్ వెనక నిలబడ్డ ఒక మేపుల్ చెట్టు.

ఆదివారం సాయంత్రం తిరిగొస్తున్నాం. పిల్లలు నిద్రపోయారు, మా ఆవిడ మాట్లాడ్డం లేదు. కింగ్‌స్టన్ దగ్గర కాలవ దాటుతూ పక్కకి చూశాను. నీళ్లు పసుపుగా ఉన్నాయి. నీళ్లు పసుపేంటి అంటారా? రెండు గట్ల మీదా చెట్లు పసుపెక్కి ఉన్నాయి, పొద్దు వాలుతూ ఎండ ఏటవాలుగా పడింది, ఆ పసుపంతా నీళ్లలోకి దిగిపోయింది. అప్పటికి నాలుగేళ్లుగా రోజూ ఆఫీసుకి అదే వంతెన మీంచి వెళ్తున్నాను, ఒక్కసారి కూడా కారు ఆపలేదు. ఆపి చూస్తే మా ఇంటి నుంచి రెండున్నర మైళ్లు. ఆరు వందల మైళ్లు రానూ పోనూ తిరిగి, రెండున్నర మైళ్ల దూరంలో ఉన్నది చూశానన్నమాట.

ఆ కాలవ నన్ను పట్టుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మాది కోనసీమ. కాలవ గట్టు మీద నడిచి బడికెళ్లినవాణ్ణి. ఆ రోజుల్లో లాంచీలూ బస్సులూ లేనప్పుడు పడవకి తాడు కట్టి, మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవాళ్లని మా తాతగారు చెప్పేవారు. ఇక్కడి కాలవ సంగతి చదివితే అచ్చం అదే కథ, కాకపోతే ఇక్కడ లాగింది కంచర గాడిదలు. డెలావేర్ అండ్ రారిటన్ కాలవ, 1830లో తవ్వడం మొదలుపెట్టి 1834కి పూర్తి చేశారు. బోర్డెన్‌టౌన్ నుంచి న్యూ బ్రన్స్‌విక్ దాకా 44 మైళ్లు, పైన ఇంకో 22 మైళ్ల పిల్లకాలవ. 75 అడుగుల వెడల్పు. యంత్రాలు లేవు, ఎక్కువగా ఐర్లండ్ నుంచి వలసొచ్చిన కూలీలు పలుగూ పారా పట్టి తవ్వారు. మధ్యలో 1832లో కలరా వచ్చి వాళ్లలో చాలామంది పోయారు. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో, అంటే ఈ రెండూ దాదాపు ఒకే కాలం నాటివి. పెన్సిల్వేనియా బొగ్గు ఈ కాలవ మీదుగానే న్యూయార్కు వైపు పోయేది. రైళ్లొచ్చాక గిరాకీ తగ్గి 1932తో పడవలు ఆగిపోయాయి. 1974లో పార్కు చేశారు. ఆ నీళ్లు మనలో చాలామంది ఇళ్ల కుళాయిల్లోకి ఇప్పటికీ వస్తున్నాయి, అది వేరే సంగతి.

ఇదంతా ఫొటోల మీటింగులో ఎందుకు చెబుతున్నానంటే, కంచర గాడిద నడవడం కోసం వేసిన దారి కాబట్టి అది చదునుగా, నీళ్లని ఆనుకుని, తిన్నగా ఉంటుంది. ఎక్కేది లేదు, దిగేది లేదు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా నడిచింది. ఒక పక్క నీళ్లు, రెండో పక్క చాలా చోట్ల మిల్‌స్టోన్ ఏరు, మధ్యలో మీరు. ఫొటో తీసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి? కింగ్‌స్టన్ లాకు దగ్గర కారు పెట్టుకోండి. అటు వెళ్తే ప్రిన్స్‌టన్, కార్నెగీ చెరువు. ఇటు వెళ్తే రాకీ హిల్, ఇంకా పోతే గ్రిగ్స్‌టౌన్. నేను ఎప్పుడూ రాకీ హిల్ వైపే వెళ్తాను. ఒక మైలు వెళ్తాను, ఒక మైలు వెనక్కొస్తాను. అంతే. ఎనిమిదేళ్లుగా అదే మైలు.

అదే మైలు విసుగెయ్యదా అని మా అబ్బాయే అడిగాడు. వెయ్యదు. ఎందుకంటే అది ఏ రెండు వారాలూ ఒకేలా ఉండదు. "పీక్ ఎప్పుడండీ, పీక్ ఎప్పుడు?" అని వాట్సాప్‌లో అందరూ అడుగుతారు. పీక్ అంటే రంగులు బాగా పండే సమయం, అది ఒక రోజు కాదండీ. చెట్లు వంతులవారీగా వస్తాయి, బంతి భోజనాల్లాగా. సెప్టెంబరు రెండో సగంలోనే బ్లాక్ గమ్ ఎర్రబడుతుంది, దాంతోపాటు చెట్లకి అల్లుకున్న తీగలు. అడివంతా పచ్చగా ఉన్నప్పుడు ఒక్క కాండానికి మాత్రం ఎర్రటి తీగ చుట్టుకుని ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అప్పుడు ఇక్కడ ఎవరూ ఉండరు, మనవాళ్లంతా బతుకమ్మ, దసరా ఏర్పాట్లలో ఉంటారు. తర్వాత ససఫ్రాస్, దానిదొక వింత, ఒకే కొమ్మకి మూడు ఆకారాల ఆకులు, ఒకటి మామూలుది, ఒకటి బొటనవేలున్న గ్లవ్‌లా, ఒకటి మూడు వేళ్లది. నారింజ రంగు ఎక్కుతుంది. అక్టోబరు మూడు నాలుగు వారాల్లో మేపుల్స్, హికరీలు, ట్యూలిప్ పాప్లర్లు. ట్యూలిప్ పాప్లర్ మన సంపెంగ కుటుంబానిదే తెలుసా? ఆకు పసుపెక్కితే నాకు సంపెంగ పువ్వే గుర్తొస్తుంది, వాసనొక్కటే తక్కువ. స్వీట్‌గమ్ అయితే ఒకే చెట్టు మీద పసుపు, ఎరుపు, వంకాయ రంగు అన్నీ. ఇవన్నీ రాలాక, అందరూ ఇళ్లకి పోయాక, నవంబరులో ఓక్‌లు తీరిగ్గా మొదలుపెడతాయి. ఇక బీచ్ చెట్లున్నాయే, పిల్ల చెట్లు ఎండిన ఆకుని వదలవు, చలికాలమంతా లేత గోధుమ రంగులో కాగితాల్లా పట్టుకునే ఉంటాయి. మంచు పడ్డప్పుడు వాటిని తియ్యండి, నాకు మాత్రం మేపుల్ కన్నా అదే ఇష్టం. సికమోర్ సంగతి మర్చిపోయాను. దాని ఆకుల్లో ఏమీ లేదు, గోధుమ రంగు. దాని అందం బెరడులో. జామచెట్టులా పెచ్చులు ఊడి, లోపల తెల్లగా ఉంటుంది. పసుపు అడివిలో ఆ తెల్ల కాండం ఒక్కటి ఉంటే చాలు, కన్ను అక్కడికే పోతుంది.

రంగులెందుకు మారతాయి అని ఇంతకుముందు ఒక పాప అడిగింది. నువ్వేనామ్మా? చెబుతాను. పసుపు కొత్తగా రాదు. ఎండాకాలమంతా ఆకులో ఉంటుంది, క్యారెట్లో ఉండే రంగుల కుటుంబమే అది. పైన పత్రహరితం దట్టంగా ఉంటుంది కాబట్టి కనబడదు. పగళ్లు తగ్గి చలి మొదలయ్యాక చెట్టు కొత్త పత్రహరితం తయారుచెయ్యడం మానేస్తుంది, ఉన్నది విరిగిపోతుంది, కింది పసుపు బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, ఎరుపు అప్పటికప్పుడు తయారయ్యేది. తొడిమ మొదట్లో ఒక అడ్డుపొర కట్టడం మొదలవుతుంది, ఆకులో చక్కెరలు మిగిలిపోతాయి, వాటితో ఆంథోసయనిన్ అనే రంగు పుడుతుంది. నేరేడు పండులో ఉండేది, మన మామిడి చిగురు ఎర్రగా ఉంటుందే, దానిలో ఉండేది కూడా అదే. చూడండి తమాషా, మనకి చిగురు వేసేటప్పుడు ఎరుపు, వీళ్లకి రాలేటప్పుడు ఎరుపు. అందుకని పగలు మంచి ఎండ కాసి, రాత్రి గడ్డకట్టకుండా చల్లగా ఉన్న వారంలో ఎరుపు బాగా వస్తుంది. మబ్బు పట్టి వెచ్చగా ఉంటే పసుపు ఎలాగూ వస్తుంది గానీ ఎరుపు చప్పగా ఉంటుంది. ఓక్ గోధుమ రంగు టానిన్ల వల్ల, టీ డికాక్షన్‌లో వగరు ఉంటుందే, అదే.

వెలుతురు ఎటు ఉంది?

ఇప్పుడు ఫొటోల సంగతి. మీరంతా నాకు పంపిన ఫొటోలు చూశాను. నిజం చెప్పమంటారా? తొంభై శాతం ఒకేలా ఉన్నాయి. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని, చెట్టు మొత్తం ఫ్రేములో పట్టేలా నిలబడి, మధ్యలో చెట్టు, పైన తెల్లటి ఆకాశం. ఎవరు నేర్పారో గానీ మనందరికీ చిన్నప్పుడు స్టూడియో ఆయన చెప్పిన మాట ఒంటబట్టేసింది, "ఎండ ముఖాన పడాలి బాబూ" అని. మనిషికి సరే. ఆకుకి కాదు. ఆకు పల్చగా ఉంటుంది, దాని వెనకనుంచి ఎండ రావాలి. దీపం ముందు పట్టు బట్ట పట్టుకున్నట్టు. ఒక పని చెయ్యండి, ఏ చెట్టు దగ్గరైనా ముందు ఫోన్ జేబులో పెట్టుకుని చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చెయ్యండి. గుడిలో చేస్తాం కదా, ఇక్కడా చెయ్యండి. ఎక్కడ నిలబడితే ఆకులు లోపలినుంచి వెలిగినట్టుంటాయో మీకే తెలుస్తుంది. సూర్యుడు నేరుగా లెన్సులో పడకుండా ఒక కాండం వెనక దాక్కోండి, లేదా రెండో చెయ్యి పైన అడ్డం పెట్టండి.

ఇంకో మంచి విషయం, ఇక్కడ అక్టోబరు చివర్లో మధ్యాహ్నం పన్నెండుకి కూడా సూర్యుడు నడినెత్తికి రాడు, దక్షిణంగా వాలే ఉంటాడు. పొద్దున్న లేవలేకపోయామే అని బాధపడక్కర్లేదు, రోజంతా ఏదో ఒక పక్కనుంచి ఏటవాలు వెలుతురు దొరుకుతుంది.

మరి మబ్బు పట్టిన రోజు? "ఇవాళ ఎండ లేదండీ, మానేద్దాం" అని మెసేజ్ పెడతారు. అయ్యా, మానెయ్యాల్సిన రోజు కాదది. మబ్బు రోజున అడివి లోపల నీడల గొడవ ఉండదు, రంగులు నిండుగా కనబడతాయి. ఒకటే షరతు, ఫ్రేములోకి ఆకాశం రానివ్వకండి. వాన వెలిసిన వెంటనే అయితే ఇంకా మంచిది, తడిసిన కాండాలు నల్లబడతాయి, వాటి ముందు పసుపు ఆకు బంగారంలా ఉంటుంది. కాకపోతే తడి ఆకు మీద తెల్లటి మెరుపు ఒకటి ఉంటుంది, అది రంగుని తినేస్తుంది. దానికే పోలరైజర్ అనే ఫిల్టర్. లెన్సుకి బిగించి తిప్పుతుంటే ఆ మెరుపు పోయి కింది రంగు తేలుతుంది. ఫోన్ వాళ్లు దిగులు పడకండి, పోలరైజ్‌డ్ చలవద్దాలు ఉంటే ఒక అద్దాన్ని ఫోన్ కెమెరా ముందు పెట్టి తిప్పండి. నవ్వకండి, పనిచేస్తుంది. వెలుతురు కొంచెం తగ్గుతుంది, చెయ్యి కదలకుండా చూసుకోండి.

కానీ, ఇది బాగా వినండి, కాలవ నీళ్లలో నీడ తీస్తున్నప్పుడు మాత్రం ఆ ఫిల్టర్ తీసెయ్యండి. అది మెరుపుతో పాటు నీళ్లలో ప్రతిబింబాన్ని కూడా తుడిచేస్తుంది. నేను మొదటి ఏడాది ఒక ఉదయమంతా తీసి ఇంటికొచ్చి చూసుకుంటే, నీళ్లలో చెట్ల బదులు అడుగున బురద శుభ్రంగా, స్పష్టంగా కనబడింది. ఫోకస్ కూడా నీళ్ల మీద తేలే ఆకుల మీద కాదు, నీళ్లలో కనబడే చెట్టు మీద పెట్టాలి. రెండూ ఒకే చోట ఉన్నట్టుంటాయి గానీ కెమెరాకి నీడలోని చెట్టు నిజం చెట్టంత దూరంలో ఉన్నట్టే.

రంగులు ఫోన్‌లో చప్పగా ఎందుకొస్తాయి? కంటికి అంత బాగుంది, ఫొటోలో ఏదీ? ఆటో వైట్ బ్యాలెన్స్ వల్ల. కెమెరా ఏమనుకుంటుందంటే, ఇంత పసుపేంటి, లైటు తేడాగా ఉన్నట్టుంది, సరిచేద్దాం అని కాస్త నీలం కలుపుతుంది. పాపం దానికేం తెలుసు. కెమెరా ఉన్నవాళ్లు ఆటో తీసేసి ఎండ గుర్తు మీదో మబ్బు గుర్తు మీదో పెట్టేసుకోండి. ఎర్ర మేపుల్‌కి ఇంకో చిక్కుంది. ఎండలో ఉన్న ఎరుపు తొందరగా నిండిపోతుంది. బిందె నిండాక పోసిన నీళ్లు నేలపాలే కదా, అలాగే ఈనెలు, గీతలు అన్నీ పోయి ఆకు ఎర్ర మరకలా మిగులుతుంది. ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుతురు, కొంచెం తగ్గించండి, అర స్టాపు, ముప్పావు స్టాపు, స్టాపు అంటే ఆ వెలుతురుకి కొలత. ఫోన్‌లో అయితే ఆకు మీద వేలు పెట్టి, పక్కన వచ్చే ఎండ బొమ్మని కాస్త కిందికి లాగండి. తర్వాత ఇంటికొచ్చి సాట్యురేషన్ మీటని చివరిదాకా లాగేవాళ్లున్నారు, పేర్లు చెప్పను, వాళ్లకి తెలుసు. కూరలో ఉప్పెక్కువైతే బంగాళదుంప వేసి లాక్కొస్తారు, ఫొటోలో రంగెక్కువైతే వెయ్యడానికి ఏ దుంపా లేదు.

పొగమంచు గురించి ఒక్క మాట. రాత్రి బాగా చలేసి, గాలి లేకుండా ఉన్న మర్నాడు పొద్దున్నే వెళ్లండి. నీళ్లు ఇంకా కాస్త వెచ్చగానే ఉంటాయి, పైన గాలి చల్లగా ఉంటుంది, కాలవ మొత్తం ఆవిరి లేస్తుంటుంది, ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు. అరగంట ఉంటుంది. సూర్యుడు పైకొచ్చాక పోతుంది. ఆ అరగంటకి నేను ఎనిమిదేళ్లలో సరిగ్గా ఆరుసార్లు దొరికాను. మిగతా అన్నిసార్లూ ఉత్త చలే.

మనుషులు, చీరలు, ఒక దద్దుర్ల కథ

మనవాళ్లకి ఫొటో అంటే మనిషి ఉండాలి. నేను కాదనను. పైగా ఇక్కడ ఆకులు పండే రోజులూ మన కార్తీక మాసమూ చాలాసార్లు కలిసొస్తాయి. వనభోజనాలకి ఇంతకన్నా వనం ఎక్కడ దొరుకుతుంది? ఉసిరి చెట్టు లేదు, నిజమే, మేము ఫ్రోజెన్ ఉసిరికాయల ప్యాకెట్ ఒకటి మేపుల్ కింద పెట్టి దణ్ణం పెట్టుకున్నాం. దేవుడు సర్దుకుంటాడు. కాకపోతే రంగుల సంగతి చూసుకోండమ్మా. అందరూ "ఫాల్ కలర్స్" అని ఎరుపూ, పసుపూ, నారింజా కట్టుకుని వస్తారు, ఫొటోలో మనిషెక్కడో చెట్టెక్కడో తెలీదు. నెమలికంఠం రంగు చీర ఉంటే తియ్యండి. ముదురు ఆకుపచ్చ, నీలం, లేకపోతే తెల్లటి గంజి పంచె. మా అమ్మ ఆరు నెలలు ఉండటానికి వచ్చినప్పుడు నీలం నేతచీర మీద నా జాకెట్ వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, స్పోర్ట్స్ షూలతో గట్టు మీద నడిచింది. వంగి రెండు ఆకులు ఏరుకుని, "మన దొడ్లో బాదం చెట్టు కూడా ఇలాగే ఎర్రబడేదిరా, రోజూ ఊడవలేక చచ్చేదాన్ని, నువ్వు దాన్ని ఒక్కసారి ఫొటో తీశావా?" అంది. నేనేం మాట్లాడలేదు. ఆ వంగినప్పటి ఫొటోయే ఇది. మొహం కనబడదు. వెనకనుంచి వెలుతురు, చేతిలో ఆకు. బాబూ, ఈ స్లైడు కాసేపు ఉంచు.

సరే. దద్దుర్ల కథ చెప్పి ఆపేస్తాను, ఎందుకంటే ఇది అందరికీ అవసరం. నేల మీద కూర్చుని తీస్తే ఫొటో బాగుంటుంది. రెండో ఏడాది అలాగే మోకాళ్ల మీద కూర్చుని, కాండానికి పాకిన ఎర్రటి తీగ, ఎంత ఎరుపండీ అది, కుంకం లాగా, ఇరవై ఫొటోలు తీశాను. తీసి ఊరుకున్నానా, మా అమ్మాయి పుస్తకంలో పెట్టుకుంటుందని నాలుగు ఆకులు కోసి జేబులో వేసుకున్నాను. రెండు రోజుల తర్వాత చేతులు, మెడ, మొహం అంతా బొబ్బలు, దురద. పాయిజన్ ఐవీ. ఒక్కో తొడిమకి మూడు ఆకులుంటే అదే అనుకోండి, ముట్టుకోకండి. అయిదుంటే వర్జీనియా క్రీపర్, అదీ ఎర్రగానే ఉంటుంది, దాన్నీ కొయ్యకుండా చూసి వదిలెయ్యండి. కోనసీమలో పుట్టి ఇది తెలుసుకోకపోవడం నాకు సిగ్గుచేటు, ఎందుకంటే ఇది మన మామిడీ జీడిమామిడీ కుటుంబానిదే. మామిడి సొన మూతికి అంటి పొక్కడం, జీడి నూనె చేతికి అంటి బొబ్బలెక్కడం మనకి తెలియనిదా? అదే వంశం. ఆకు ఎండినా ఆ నూనె పోదు. అమ్మాయికి ఇవ్వకముందే తెలిసింది, అదొక్కటే అదృష్టం. ఆ ఇరవై ఫొటోల్లో ఒకటి మాత్రం, చెప్పకూడదు గానీ, చాలా బాగొచ్చింది. మా హాల్లో ఫ్రేము కట్టించి పెట్టాను, మా ఆవిడ దాన్ని చూసినప్పుడల్లా చెయ్యి గోక్కుంటుంది.

వచ్చే శనివారం పొద్దున్న ఏడింటికి కింగ్‌స్టన్ లాకు దగ్గర కలుద్దాం. అప్పటికి ఏడున్నర దగ్గర గానీ సూర్యోదయం కాదు, కాబట్టి కంగారు లేదు. ఆ మర్నాడు ఆదివారం ఇక్కడ చలికాలానికని గడియారం ఒక గంట వెనక్కి పోతుంది, ఆ తర్వాత సాయంత్రం అయిదు కాకుండానే చీకటి పడుతుంది, అందుకని శనివారం మానకండి. మేపుల్స్ అప్పటికి చాలావరకు రాలిపోతాయి, ఓక్‌లు ఉంటాయి, నీళ్ల మీద తేలే ఆకులు ఉంటాయి. ప్యాంటు సాక్సులోకి దోపుకోండి, ఈ రోజుల్లో కూడా జింక పురుగులు, అంటే ఒంటికి పట్టి రక్తం పీల్చే డీర్ టిక్స్, ఉంటాయి, ఇంటికెళ్లాక పిల్లల్ని ఓసారి చూసుకోండి. ఇంకో జత సాక్సులు తెచ్చుకోండి. ఫ్లాస్కులో కాఫీ నేను తెస్తాను, మిక్స్‌చర్ పొట్లాం ఎవరైనా తెండి.